కలల ఇంజన్ నడపాలంటే: ఆల్కో నుంచి డబ్ల్యూఏపీ-7 దాకా, ఉన్న దారులన్నీ

"అన్నా, జన్మలో ఒక్కసారి ఆల్కో ఇంజన్ నడపాలని ఉంది, దారి ఏమన్నా ఉందా?" అని కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆల్కో అంటే మన పాత డీజిల్ ఇంజన్ల డిజైన్ ఇచ్చిన అమెరికా కంపెనీ. దారి ఉంది. ఒకటి కాదు, నాలుగున్నాయి. ఒకదానికి డబ్బు కావాలి, రెండింటికి ఏళ్ల తరబడి కష్టం కావాలి, ఇంకోదానికి ఇంట్లో ఓ మామూలు కంప్యూటరూ కాస్త ఓపికా ఉంటే చాలు. నేను కాజీపేటలో రైల్వే క్వార్టర్ల పక్కన పెరిగాను, రాత్రిళ్లు షెడ్డులోంచి వచ్చే ఇంజన్ చప్పుడు వింటేనే నిద్రపట్టేది. అందుకే ఈ ప్రశ్న ఎవరడిగినా నవ్వి వదిలెయ్యలేను. నాకు తెలిసిందంతా ఇక్కడ పెడుతున్నా.

ముందు మీ ఇంజన్ ఏదో తేల్చుకోండి

"ఏదో ఒకటి, పెద్ద ఇంజన్ అయితే చాలు" అంటే పని జరగదు. ఏ ఇంజన్ కావాలో దాన్ని బట్టే దారి మారిపోతుంది. ఇంజన్ మీద రాసిన అక్షరాలు చదవడం రాకపోతే ముందు అది నేర్చుకోండి, ఐదు నిమిషాల పని. మొదటి అక్షరం డబ్ల్యూ అయితే బ్రాడ్ గేజ్, వై అయితే మీటర్ గేజ్, జెడ్ అయితే నారో గేజ్. రెండోది డి అయితే డీజిల్, ఏ అయితే పైతీగలోంచి ఏసీ కరెంటు తీసుకునే ఎలక్ట్రిక్. మూడోది ఆ ఇంజన్ చేసే పని: పి అంటే ప్యాసింజర్, జి అంటే గూడ్సు, ఎం అంటే రెండూ. చివర ఉండే అంకె మోడల్ నంబరు. డబ్ల్యూడీఎం-3ఏ లాంటి తర్వాతి డీజిల్ పేర్లలో మాత్రం ఆ అంకె బలాన్ని చెప్తుంది, 3 అంటే మూడు వేల హార్స్‌పవర్, ఏ అంటే దాని మీద ఇంకో వంద, మొత్తం 3100. ఇంజన్ పక్కన ఏ షెడ్డుదో కూడా రాసి ఉంటుంది. కాజీపేట, లాలాగూడ, విజయవాడ, గుత్తి, విశాఖపట్నం అని చదువుకుంటూ పోతే కొన్నాళ్లకి బండి దూరంగా వస్తుండగానే ఇది ఫలానా షెడ్డుది అని రంగుని బట్టే చెప్పెయ్యగలుగుతారు.

ఇక ఇంజన్ల సంగతి. నా వరకైతే మొదటి స్థానం డబ్ల్యూడీఎం-2దే, దానిమీద వాదన పెట్టుకోదలచుకోలేదు. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్ అది. 1962లో మొదటివి అక్కణ్నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారుచేశారు. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, గంటకి 120 కిలోమీటర్ల వేగం. అంకెలు చూస్తే ఈ రోజుల్లో పెద్ద విశేషమేం కాదు. కానీ అది ప్లాట్‌ఫారం మీంచి బండి లాగడం దగ్గర్నుంచి చూసినవాళ్లకి అంకెలతో పనిలేదు. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 400 తిప్పులతో ధక్... ధక్... అని ఒక్కో దెబ్బా విడివిడిగా, కాళ్ల కింద నేలలోంచి తెలుస్తుంది. సిగ్నల్ పడగానే కూత. తర్వాత పైలట్, అంటే ఇంజన్ డ్రైవరు, మొదటి నాచ్ (థ్రాటిల్ హ్యాండిల్‌లో ఒక్కో మెట్టు) వేస్తాడు, రెండోది, మూడోది, ఆ చప్పుడు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతుంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ గుప్పున లేస్తుంది, కాసేపటికి అదే పలచబడిపోతుంది. ఆ పొగ ఎందుకొస్తుందో చిన్నప్పుడు తెలిసేది కాదు. నాచ్ పెంచగానే డీజిల్ ఎక్కువ పడిపోతుంది, కానీ గాలిని నెట్టే టర్బో వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సందులో సరిపడా గాలి లేక సగం కాలిన డీజిలే ఆ నల్లపొగ. ఎనిమిదో నాచ్‌లో ఇంజన్ నిమిషానికి 1000 తిప్పులు తిరుగుతుంది. ఎనిమిది నాచ్‌ల్లోనే మొత్తం కథంతా ఉంటుంది.

దాని తర్వాత వచ్చిన ఈఎండీ (ఇదీ అమెరికా కంపెనీయే) రకం ఇంజన్లు, అంటే డబ్ల్యూడీపీ-4, డబ్ల్యూడీజీ-4, ఇవి 4000 హార్స్‌పవర్‌వి. ఆల్కో ఇంజన్ నాలుగు స్ట్రోకులది, ఇవి రెండు స్ట్రోకులవి, అందుకే గొంతు పూర్తిగా వేరుగా ఉంటుంది. కొందరికి ఆ గొంతే ఇష్టం, వాళ్లనీ అర్థం చేసుకోగలను.

ఎలక్ట్రిక్‌లో రెండు భిన్నమైన అనుభవాలున్నాయి. డబ్ల్యూఏపీ-4 పాత పద్ధతిది, ట్రాన్స్‌ఫార్మర్ మీద 32 నాచ్‌ల ట్యాప్ ఛేంజర్ ఉంటుంది, ఒక్కో నాచ్ ఎక్కిస్తూ మోటార్ల కరెంటు మీటర్ మీద కన్నేసి ఉంచాలి, తొందరపడితే చక్రం జారుతుంది. చేతికీ మీటర్‌కీ మధ్య నడిచే పని అది. డబ్ల్యూఏపీ-7 అయితే త్రీ ఫేజ్ ఇంజన్, 6350 హార్స్‌పవర్, 140 కిలోమీటర్ల వేగం, 24 పెట్టెల బండిని పెద్దగా కష్టపడకుండా లాక్కుపోతుంది. హ్యాండిల్ ముందుకి నెడితే లాగుతుంది, వెనక్కి తెస్తే మోటార్లే జనరేటర్లుగా మారి బండిని నెమ్మది చేస్తూ ఆ కరెంటుని మళ్లీ పైతీగలోకి పంపిస్తాయి. సికింద్రాబాద్ స్టేషన్లో కాసేపు నిలబడితే చాలు, లాలాగూడ డబ్ల్యూఏపీ-7 ఒకటి కనపడి తీరుతుంది. వేగమే కావాలనుకునేవాళ్లకి డబ్ల్యూఏపీ-5 ఉంది, 160 కిలోమీటర్లది, 2016లో ఢిల్లీ-ఆగ్రా మధ్య గతిమాన్ మొదలైనప్పుడు లాగింది అదే. వందే భారత్ నడపాలని ఉంది అనేవాళ్లకి ఒక్క మాట: అందులో విడిగా ఇంజన్ ఉండదు, మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. అది నడపాలంటే కింద చెప్పిన ఉద్యోగం దారి ఒక్కటే.

మన దగ్గర పుట్టినవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఇంజన్లు ఇంకొన్ని ఉన్నాయి. కొత్తవలస-కిరండూల్ లైను కోసం 1980ల చివర్లో స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ తెప్పించిన డబ్ల్యూఏజీ-6 రకాలు, ఒక్కొక్కటీ 6000 హార్స్‌పవర్. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖకి దించే లైను అది, 50కి పైగా సొరంగాలు, అరకు మీదుగా ఒకటే మలుపులు. అక్కడ అసలు పని ఎక్కడం కాదు, దిగడం. ఖాళీ బండి కొండ ఎక్కుతుంది, నిండు బండి కొండ దిగుతుంది. అంత బరువుని చేతిలో పట్టుకుని ఘాట్ దింపడం వచ్చినవాడికి ఇక ఎక్కడైనా బండి నడపడం వస్తుందని నా నమ్మకం. ఆ ఇంజన్లు ఇప్పుడు పనిలో లేవు, కానీ ఆ లైను కథ చదివితే "నడపడం" అన్న మాటకి అర్థం మారిపోతుంది.

ఇంట్లో కూర్చుని మొదలుపెట్టడం

సిమ్యులేటర్ అంటే చాలామంది గేమ్ అనుకుని తీసిపారేస్తారు. అలా చూడకండి. నేను ఇంటర్‌లో ఉండగా కళ్లద్దాలు వచ్చాయి, దాంతో ఉద్యోగం దారి మూసుకుపోయింది (కళ్ల సంగతి కింద వివరంగా చెప్తాను). అప్పట్నుంచీ నా ఇంజన్ అంతా కంప్యూటర్లోనే. అయినా బ్రేకు గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఇక్కడే నేర్చుకున్నా. మిగతా సగం పక్కింటి బాబాయి దగ్గర, ఆయన గూడ్సు నడిపి రిటైరయ్యాడు.

ఓపెన్ రైల్స్ అనే ప్రోగ్రాం దించుకోండి, పూర్తిగా ఉచితం. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం తయారైన రూట్లూ ఇంజన్లూ ఇందులో నడుస్తాయి. మన దేశపు అభిమానులు ఏళ్లుగా కూర్చుని చేసిన డబ్ల్యూడీఎం-2లూ, డబ్ల్యూఏపీ-4లూ, మన రూట్లూ ఉన్నాయి, వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. ఫోన్‌లో ఆడేవి మొదట్లో సరదాకి బాగుంటాయి, కానీ గాలి బ్రేకు ఎలా ప్రవర్తిస్తుందో వాటిలో నేర్చుకోవడం కష్టం.

కీలు గుర్తుపెట్టుకోవడం సులువే. డబ్ల్యూ నొక్కితే రివర్సర్ (బండి ఎటు వెళ్లాలో చెప్పే హ్యాండిల్) ముందుకి, ఎస్ నొక్కితే వెనక్కి. డి నొక్కితే థ్రాటిల్ పెరుగుతుంది, ఏ నొక్కితే తగ్గుతుంది. సెమీకోలన్ కీతో బండి బ్రేకు వదులుతారు, దాని పక్కనున్న కొటేషన్ గుర్తు కీతో వేస్తారు. చదరపు బ్రాకెట్ల కీలు ఇంజన్ బ్రేకువి. స్పేస్ బార్ కూత, పి పాంటోగ్రాఫ్ (పైతీగని తాకి కరెంటు తీసుకునే చట్రం), ఎఫ్-5 నొక్కితే ప్రెషర్లన్నీ తెర మీద కనపడతాయి, ఎఫ్-4 నొక్కితే ముందున్న సిగ్నళ్లూ స్పీడ్ బోర్డులూ. మొదట్లో ఎఫ్-5 తెరిచే ఉంచండి.

ఇప్పుడు బ్రేకు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఇంజన్ నడపడంలో కష్టమైనదంతా ఇదే. థ్రాటిల్ వెయ్యడం ఎవరికైనా వస్తుంది. వెయ్యి టన్నుల బండిని చెప్పినచోట, లోపల టీ తాగుతున్నవాడి గ్లాసు తొణక్కుండా ఆపడం రావాలి.

కారులో పెడల్ నొక్కితే బ్రేకు పడుతుంది. రైల్లో తిరగేసి ఉంటుంది. ఇంజన్ నుంచి చివరి పెట్టె దాకా ఒక గాలిపైపు వెళ్తుంది, బ్రేక్ పైప్ అంటారు, అందులో మామూలుగా 5 కేజీల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గిస్తే బ్రేకు పడుతుంది, మళ్లీ నింపితే వదులుతుంది. ప్రతి పెట్టె కిందా ఒక గాలిసీసా ఉండి, పైపులో ఒత్తిడి తగ్గడం చూసి తనలోని గాలిని బ్రేకు సిలిండర్‌లోకి పంపిస్తుంది. ఎందుకిలా పెట్టారంటే దారిలో బండి రెండుగా తెగితే పైపు కూడా తెగుతుంది, గాలి పోతుంది, రెండు ముక్కలకీ బ్రేకు దానంతటదే పడుతుంది. 1872లో వెస్టింగ్‌హౌస్ అనే ఆయన తెచ్చిన ఆలోచన ఇది, నూట యాభై ఏళ్లయినా మూలం మారలేదు.

క్యాబ్‌లో రెండు బ్రేకు హ్యాండిళ్లుంటాయి. ఏ-9 అనేది మొత్తం బండికి, ఎస్ఏ-9 అనేది ఇంజన్‌కి మాత్రమే. ఏ-9తో మొదట అర కేజీ తగ్గించండి, అంటే ముల్లు 5 నుంచి 4.5కి రావాలి. వెంటనే ఏమీ జరగదు. కొత్తవాళ్లందరూ ఇక్కడే కంగారుపడి ఇంకా తగ్గించేస్తారు, పది సెకన్ల తర్వాత బండి గట్టిగా పట్టేసి ప్లాట్‌ఫారం కంటే ముందే ఆగిపోతుంది. ఆగండి. గాలి కబురు చివరి పెట్టె దాకా చేరాలి. 20 పెట్టెల బండికి కొంత టైం, 58 వ్యాగన్ల గూడ్సుకి ఇంకా టైం. ఆ ఆలస్యాన్ని మీ ఒంట్లోకి ఎక్కించుకోవడమే సాధన అంటే.

ఇంకో సంగతి. బ్రేకు వేసి వదిలి, మళ్లీ వేసి మళ్లీ వదిలి ఆడుకోకూడదు. పెట్టెల కింద గాలిసీసాలు మళ్లీ నిండటానికి టైం పడుతుంది. నిండకముందే మళ్లీ బ్రేకు వేస్తే పట్టు తగ్గిపోతుంది. బాబాయి మాటల్లో చెప్పాలంటే "గాలిని జీతం లాగా ఖర్చుపెట్టాలి, మళ్లీ ఒకటో తారీఖు వచ్చేదాకా అదే." ఘాట్ దిగేటప్పుడు ఈ మాట మరిస్తే ప్రాణం మీదకి వస్తుంది, అందుకే అక్కడ డైనమిక్ బ్రేకు, అంటే మోటార్లతోనే నిలువరించే పద్ధతి, ముందు వాడతారు, గాలిని దాచుకుంటారు.

సాధన ఇలా చెయ్యండి. మొదటి వారం బండి తగిలించకుండా ఒక్క ఇంజన్, 30 కిలోమీటర్ల వేగం, ఒక గుర్తు దగ్గర ఎస్ఏ-9తో ఆపడం. రెండో వారం 10 పెట్టెలు, 60 కిలోమీటర్ల వేగం, ఏ-9 మాత్రమే. తర్వాత 20 పెట్టెలు, 100. ఎక్కువ వేగంలోంచి ఆపేటప్పుడు ఎక్కువ బ్రేకుతో మొదలుపెట్టి, వేగం తగ్గేకొద్దీ వదులుతూ రండి, ఆఖరి పది మీటర్లలో బ్రేకు దాదాపు లేనట్టే ఉండాలి. అలా ఆగిన బండి కుదుపే ఉండదు. దాని ఆనందం మాత్రం నేను చెప్పలేను, మీరే చూడాలి. చివరగా గూడ్సు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతిసారీ మూడు అంకెలు రాయండి: బ్రేకు ఎక్కడ వేశాను, అప్పుడు వేగమెంత, గుర్తుకి ఎన్ని మీటర్లు ఇటో అటో ఆగాను. నా పుస్తకంలో మొదటి పేజీ చూస్తే ప్లస్ 140, మైనస్ 90, ప్లస్ 60 అని ఉంటుంది. నాలుగు నెలల తర్వాతి పేజీలో అన్నీ పది లోపే.

సిగ్నల్ కనపడగానే పైకే చెప్పే అలవాటు చేసుకోండి. నిజం క్యాబ్‌లో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ చెయ్యెత్తి చూపిస్తూ సిగ్నల్ పేరూ రంగూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు. ఇంట్లోవాళ్లు వింతగా చూసినా పర్లేదు. ఎలక్ట్రిక్ నడుపుతుంటే న్యూట్రల్ సెక్షన్ గురించి కూడా చదవండి. పైతీగలో కరెంటు లేని చిన్న ముక్క అది, దానికి 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు ఉంటాయి, తర్వాత సర్క్యూట్ బ్రేకర్ తెరిచి, బండి ఊపు మీద దాటి, మళ్లీ వేసుకోవాలి. ప్రయాణంలో కిటికీలోంచి ఈ బోర్డులు వెతకండి, ఒక్కసారి కనపడితే ఇక ప్రతి ప్రయాణంలోనూ కళ్లు వాటికోసమే చూస్తాయి.

షెడ్డు గేటు దాకా వెళ్లడం

ముందు చెయ్యకూడనిది చెప్తాను. "పైలట్ మా ఊరాయనే, క్యాబ్ ఎక్కించుకున్నాడు" అని వీడియోలు పెట్టేవాళ్లని చూసి మీరూ అడగకండి. రైల్వేవాళ్లు వద్దన్నా వినకుండా ఇంజన్ ఎక్కి ప్రయాణించడం 1989 రైల్వే చట్టం సెక్షన్ 156 కింద నేరం, మూడు నెలల దాకా జైలు ఉంది. పట్టాల మీదకీ షెడ్డులోకీ చొరబడటం సెక్షన్ 147, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మీ సంగతి పక్కన పెట్టినా, ఆ పైలట్ ఉద్యోగం పోతుంది. ఇంజన్ని ప్రేమించేవాడు ఆ ఇంజన్ నడిపేవాడి కంచంలో మట్టి పొయ్యకూడదు.

సరైన దారి ఏమిటంటే అనుమతి. ఇంజనీరింగ్, డిప్లొమా, ఐటీఐ పిల్లలైతే కాలేజీ లెటర్‌తో ఇండస్ట్రియల్ విజిట్‌కో ట్రైనింగ్‌కో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎలక్ట్రిక్ షెడ్డుకి సీనియర్ డీఈఈ (డివిజనల్ ఎలక్ట్రికల్ ఇంజనీర్), డీజిల్ షెడ్డుకి సీనియర్ డీఎంఈ (డివిజనల్ మెకానికల్ ఇంజనీర్) పేరు మీద రాయాలి. ఎంతమంది, ఏ తేదీ, ఎందుకు, ఫొటోలు తీస్తారా లేదా అన్నది స్పష్టంగా రాయండి. చదువైపోయినవాళ్లు అభిమానుల సంఘాల ద్వారా ప్రయత్నించాలి. 1989లో మొదలైన ఐఆర్ఎఫ్‌సీఏ వాళ్ల సభ్యులు షెడ్డు సందర్శనలకి అనుమతులు తెచ్చుకున్న సందర్భాలున్నాయి. లోపలికెళ్తే బూట్లు వేసుకుని వెళ్లండి, పిట్ (ఇంజన్ కింద పని చెయ్యడానికి తవ్విన గొయ్యి) అంచున నిలబడకండి, ఏ హ్యాండిల్ మీదా అడక్కుండా చెయ్యి వెయ్యకండి. అడిగితే మాత్రం అక్కడి ఫిట్టర్లు ఎంత ఆప్యాయంగా చూపిస్తారో! నాకొకాయన ఆల్కో పిస్టన్ ఒకటి చేతిలో పెట్టబోయాడు, పట్టుకోలేక ఇద్దరం కలిసి బల్ల మీద పెట్టాం. అప్పటిదాకా "పదహారు సిలిండర్లు" అన్నది నాకు ఒక అంకె మాత్రమే.

ఐటీఐ చేసినవాళ్లకి ఇంకా మంచి దారుంది, యాక్ట్ అప్రెంటిస్‌షిప్. దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఎంపికైతే షెడ్డుల్లో, వర్క్‌షాపుల్లో స్టైపెండ్ తీసుకుంటూ ఆ ఇంజన్లనే విప్పి బిగించడం నేర్చుకుంటారు. కింద చెప్పబోయే ఉద్యోగానికీ అది పనికొస్తుంది.

అసలు దారి: అసిస్టెంట్ లోకో పైలట్

మన దేశంలో మెయిన్ లైన్ మీద ఇంజన్ నడపాలంటే ఇదొక్కటే తలుపు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది. 2024లో మొదట 5,696 పోస్టులన్నారు, తర్వాత వాటిని 18,799కి పెంచారు, 2025 నోటిఫికేషన్‌లో 9,970 ఇచ్చారు. పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ ఉండాలి, లేదా అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసుండాలి, లేదా మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్‌లో డిప్లొమా గానీ డిగ్రీ గానీ. అమ్మాయిలూ రాయొచ్చు, నడుపుతున్నారు కూడా.

కానీ పుస్తకం కొనే ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇది మాత్రం ప్రాధేయపడి చెప్తున్నా. ఈ ఉద్యోగానికి ఏ-1 అనే వైద్య ప్రమాణం కావాలి, రైల్వేలో అన్నిటికంటే కఠినమైనది. అద్దాలు లేకుండా రెండు కళ్లకీ దూరపు చూపు 6/6 ఉండాలి. రంగులు, రాత్రి చూపు, రెండు కళ్లూ కలిసి పనిచెయ్యడం, అన్నీ చూస్తారు. లేసిక్ ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందిలే అనుకోకండి, చేయించుకున్నవాళ్లని తీసుకోరు. పరీక్షలన్నీ నెగ్గి ఆఖర్న మెడికల్‌లో ఆగిపోయినవాళ్లని నేను ఎరుగుదును, రెండేళ్ల కష్టం ఒక్క పొద్దులో పోతుంది. రంగుల పరీక్షతో సహా ముందే చేయించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు.

కళ్లు బాగుంటే ఇక చదువు. మొదటి పరీక్ష 75 ప్రశ్నలు, గంట టైం, ఇది వడపోత మాత్రమే. రెండో పరీక్షలో ఏ భాగం 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. బి భాగం మీ ట్రేడ్ మీద 75 ప్రశ్నలు, గంట, అందులో 35 శాతం వస్తే చాలు. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. ఈ రెండూ తెలుగులో రాసుకోవచ్చు. తర్వాత కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్ష, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకుని చాలామంది దెబ్బతింటారు. జ్ఞాపకశక్తి, సూచనల్ని పాటించడం, లోతు అంచనా, ఏకాగ్రత, చూసి వెంటనే పోల్చుకోవడం అని ఐదు ముక్కలుంటాయి, ప్రతి ముక్కలోనూ విడివిడిగా 42 టీ-స్కోర్ రావాలి, ఒక్కదాంట్లో తగ్గినా అంతే. ఇది హిందీ, ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, తెలుగు మీడియం పిల్లలు సూచనలు వేగంగా చదివే సాధన ముందే మొదలుపెట్టాలి. ఆఖరి ర్యాంకులో రెండో పరీక్ష ఏ భాగానికి 70 శాతం, దీనికి 30 శాతం. లోతు అంచనా కోసం ఇటుకల దొంతర బొమ్మలు తీసుకుని, ఒక్కో ఇటుకకి ఎన్ని ఇటుకలు ఆనుకుని ఉన్నాయో లెక్కపెట్టడం రోజూ అరగంట చెయ్యండి.

ఉద్యోగం వచ్చాక కూడా కలల ఇంజన్ హ్యాండిల్ వెంటనే చేతికి రాదు. శిక్షణ, తర్వాత ఎడమవైపు సీట్లో కాకుండా పక్క సీట్లో అసిస్టెంట్‌గా ఏళ్లు, తర్వాత షంటింగ్, గూడ్సు, ప్యాసింజర్, ఆఖర్న మెయిల్ ఎక్స్‌ప్రెస్. కొత్త సెక్షన్‌లో పని చెయ్యాలంటే ముందు రోడ్ లెర్నింగ్, అంటే ఆ దారిలో ప్రతి సిగ్నలూ ప్రతి వంపూ చీకట్లో కూడా గుర్తుపట్టేలా తిరిగి నేర్చుకోవాలి. ఏ ఇంజన్ వస్తే అదే నడపాలి, ఎంచుకునేది ఉండదు. రాత్రి రెండింటికి ఫోనొస్తే లేచి లాబీకి, అంటే డ్యూటీ ఎక్కే ఆఫీసుకి, వెళ్లాలి, పండగలకి రన్నింగ్ రూమ్‌లో, అంటే వేరే ఊళ్లో పైలట్లు విశ్రాంతి తీసుకునే చోట, ఉండాలి. బాబాయి కూతురి పెళ్లిచూపుల రోజు బొగ్గుబండి మీద ఉన్నాడు. అయినా రిటైరయ్యాక కూడా సాయంత్రం అవగానే గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే బండ్ల కూతలు వింటాడు.

డబ్బు కట్టి నడిపే చోట్లు

మన దగ్గర బయటివాళ్లకి ఇంజన్ నడిపే అవకాశం ఇచ్చే పద్ధతి లేదు. అమెరికా, బ్రిటన్‌లలో ఉంది, అక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందేగా. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు కూడా ఆలోచించొచ్చు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు పోర్టోలాలోని వెస్టర్న్ పసిఫిక్ రైల్‌రోడ్ మ్యూజియం చూడండి, అసలైన డీజిల్ ఇంజన్ని పక్కన బోధకుణ్ణి కూర్చోబెట్టి మీ చేత నడిపిస్తారు. ఆల్కో పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం నెవాడాలో ఈలీ ఊరికి వెళ్లాలి. నెవాడా నార్తర్న్ రైల్వే అక్కడ ఓ పాత షెడ్డుని యథాతథంగా కాపాడుకుంటూ వచ్చింది. వాళ్ల 93 నంబరు ఆవిరి ఇంజన్ 1909లో ఆల్కో చేసిందే, ఆర్ఎస్-3 లాంటి ఆల్కో డీజిళ్లు కూడా ఉన్నాయి. మన డబ్ల్యూడీఎం-2కి అవి పెద్దక్కల వరస. ఆల్కో 1969లో మూతపడింది, మన దగ్గర కరెంటు తీగలు వచ్చాక ఆల్కోలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, కాబట్టి ఆ హ్యాండిల్ పట్టుకోవాలనుకునేవాళ్లకి ఇది మంచి చోటు.

బ్రిటన్‌లో హెరిటేజ్ రైల్వేలు చాలానే ఉన్నాయి, వాటిలో చాలాచోట్ల డ్రైవర్ ఎక్స్‌పీరియన్స్ అని ఆవిరి ఇంజన్ మీద పూటా రెండు పూటల కోర్సులు పెడతారు. వేగం గంటకి 25 మైళ్లు దాటదు, దాంతో నిరాశపడకండి, ఆవిరి ఇంజన్ మీద ఆ వేగానికే చేతులు ఖాళీ ఉండవు. లౌబరోలోని గ్రేట్ సెంట్రల్ రైల్వేకి జంట లైను ఉండటం ప్రత్యేకత.

బుక్ చేసేముందు మూడు సంగతులు అడగండి. ఆ రోజు ఏ ఇంజన్ పనిలో ఉంటుంది (ఆవిరి ఇంజన్లు తరచూ రిపేరుకి వెళ్తాయి), హ్యాండిల్ మీ చేతిలో ఎన్ని నిమిషాలు ఉంటుంది, మీతో వచ్చినవాళ్లు క్యాబ్‌లో ఎక్కొచ్చా. నూలు బట్టలు, గట్టి బూట్లు వేసుకోండి, పాలియెస్టర్ వద్దు, నిప్పురవ్వ పడితే అతుక్కుపోతుంది. అమెరికాలో అయితే కూతలు ముందే నేర్చుకుని వెళ్లండి: కదిలే ముందు రెండు పొడుగు, నిలబడినచోట్నుంచి వెనక్కి వెళ్లాలంటే మూడు పొట్టి, రోడ్డు గేటు దగ్గర రెండు పొడుగు ఒక పొట్టి ఒక పొడుగు. బోధకుడు చెప్పకముందే మీరు సరిగ్గా కూత పెడితే ఆయన మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు అలా ఒక ఆల్కో నడిపి నాకు వీడియో పంపించాడు. నాలుగు నిమిషాలే. మొదటి నాచ్ వేశాక ఆ చప్పుడు మారేచోట నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నాను. ఆపేచోట మాత్రం వాడు ఎస్ఏ-9 లాంటి ఇంజన్ బ్రేకుని ఒక్కసారిగా వేసేశాడు, కెమెరా ఊగిపోయింది. "ముందు కొంచెం వేసి ఆగాలిరా, తర్వాత వదులుతూ రావాలి" అని ఫోన్‌లో గంటసేపు చెప్పాను. వచ్చే ఏడు మళ్లీ వెళ్తాడట, ఈలోగా ఓపెన్ రైల్స్ దించుకున్నాడు.